బొంటోక్ నుంచి బటాడ్ దాకా: మౌంటెన్ ప్రావిన్స్ కొండల్లో తక్కువ ఖర్చుతో వారం రోజులు

ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి ఉత్తర భాగంలో ఉన్న కార్డిలెరా కొండల్లో ఆరు ప్రావిన్సులున్నాయి. వాటిలో ఒకదాని పేరే మౌంటెన్ ప్రావిన్స్. అటు వెళ్ళే పర్యాటకుల్లో ఎక్కువమంది సగాడలో దిగుతారు. సగాడకు 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రావిన్సు రాజధాని బొంటోక్‌లో మాత్రం బండి మారడానికి తప్ప ఆగరు. అందుకే బొంటోక్ చుట్టూ ఉన్న మలిగ్‌కాంగ్, మాయినిత్, బార్లిగ్ ఊళ్ళు ఇంకా చవగ్గా, ప్రశాంతంగా ఉన్నాయి.

ఈ కొండల్లో జేబుకు చిల్లు పెట్టేవి రెండే: తప్పిపోయిన ఆఖరి జీప్నీ (అందరూ పంచుకుని ఎక్కే జీపులాంటి బండి), ఒక్కరే మాట్లాడుకున్న గైడు. గదికీ భోజనానికీ అయ్యే ఖర్చు వీటి ముందు లెక్కలోకి రాదు. కింది పథకమంతా ఆ రెంటినీ తప్పించుకునేలా వేసినదే.

ముందు ఒక సూత్రం అర్థం చేసుకోవాలి. ఇక్కడ జీప్నీ తిరిగేది పర్యాటకుల కోసం కాదు, ఊరివాళ్ళ కోసం. వాళ్ళు పొద్దున్నే సంతకూ ఆఫీసుకూ బడికీ పట్నం దిగుతారు, మధ్యాహ్నం దాటాక ఇళ్ళకు చేరతారు. కాబట్టి ఏ ఊరికైనా జీప్నీ పొద్దున కిందికి, సాయంత్రం పైకి. పొద్దున తొమ్మిదింటికి కొండ ఎక్కి, చీకటి పడే వేళకు పట్నం దిగుదామనుకునేవాళ్ళు రెండు వైపులా ప్రత్యేకంగా బండి కట్టించుకోవాల్సి వస్తుంది. నలుగురు కలిసి వారమంతా జీప్నీలకు పెట్టేంత డబ్బు ఆ ఒక్క బండికే అయిపోవచ్చు.

ఏ నెలలో వెళ్ళాలి

నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్లు, కొండచరియలు. ఈ మెట్ల మడుల్లో ఎక్కువగా ఏడాదికి ఒకే పంట కనుక పొలం ఎప్పుడు ఎలా ఉంటుందో ముందే లెక్కవేసుకోవచ్చు. జనవరి, ఫిబ్రవరిల్లో మడుల్లో నీళ్ళు నిలిచి అద్దాల్లా ఉంటాయి. మార్చి నుంచి మే దాకా పచ్చదనం. జూన్ చివర, జూలైలో పండి పసుపు తిరుగుతాయి. పచ్చని పొలమూ, పొడి దారీ రెండూ కావాలంటే ఏప్రిల్ మంచిది. కాకపోతే ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో మాత్రం వద్దు. దేశమంతా సొంతూళ్ళకు కదులుతుంది, బస్సు టికెట్ దొరకదు. ఫిబ్రవరిలో, దారిలో వచ్చే బాగియో నగరంలో పూల పండగ పనగ్‌బెంగా జరిగే వారాంతాల్లోనూ అదే పరిస్థితి.

డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు లంబసింగి చలిని గుర్తుచేస్తాయి. యాత్ర చివర్లో ఎక్కే అముయావ్ శిఖరం మీద గాలి తోడై ఇంకా కోస్తుంది.

కాగితాలు, డబ్బు, ఫోను

2025 జూన్ 8 నుంచి భారతీయులకు పర్యటన కోసం 14 రోజుల వీసారహిత ప్రవేశం ఉంది. దాన్ని పొడిగించరు, వేరే వీసాగా మార్చరు. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి. తిరుగు టికెట్, బస రుజువు, ఖర్చులకు డబ్బున్నట్టు ఆధారం చూపాలి. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంగెన్, సింగపూర్, బ్రిటన్ వీసా గానీ శాశ్వత నివాస అనుమతి గానీ చెల్లుబాటులో ఉంటే 30 రోజులిస్తారు. దిగడానికి 72 గంటల లోపు ఈట్రావెల్ సైటులో పేరు నమోదు చేసుకోవాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు కనబడితే అది నకిలీ.

ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదువుతూ సెలవుల్లో ఇటు వచ్చే మన తెలుగు విద్యార్థులకు ఒక మాట. బస్సుల్లో, జీప్నీల్లో ఇచ్చే 20 శాతం విద్యార్థి రాయితీ చట్టం ప్రకారం ఫిలిప్పీన్స్ పౌరులకే. దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

పెసో దాదాపు ఒకటిన్నర రూపాయి. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ 250 పెసోల దాకా రుసుము పడుతుంది. అందుకని రెండు వేలు, మూడు వేలు చొప్పున తీయకుండా యాత్రకు కావాల్సిందంతా మనీలాలోనో బాగియోలోనో ఒకేసారి తీసుకోండి. బొంటోక్‌లో ఏటీఎంలున్నా వాటిలో నగదు ఉంటుందన్న భరోసా లేదు. బొంటోక్ దాటాక నగదే నడుస్తుంది. కనీసం 1,000 పెసోలు ఇరవైలు, యాభైలు, వందలుగా మార్చి ఉంచుకోండి. జీప్నీలో వెయ్యి నోటు తీస్తే ఊరంతా చిల్లర వెతకాల్సిందే.

సిమ్ కొన్నాక పాస్‌పోర్టుతో నమోదు చేస్తేనే పనిచేస్తుంది. గ్లోబ్, స్మార్ట్ రెండూ బొంటోక్‌లో అందుతాయి. ఊళ్ళలో ఒకచోట ఒకటి, మరోచోట ఇంకొకటి. జట్టులో ఇద్దరుంటే చెరొక కంపెనీ సిమ్ తీసుకోండి. కరెంటు 220 వోల్టులే గానీ సాకెట్‌కు రెండు చదును పిన్నుల ప్లగ్గు కావాలి, మన గుండ్రటి పిన్నులు దూరవు. అడాప్టర్ హైదరాబాద్‌లోనే కొనుక్కుంటే నయం.

సంచిలో ఏముండాలి

35 నుంచి 40 లీటర్ల సంచి చాలు. నీళ్ళు కాక 8 కిలోలు దాటితే అముయావ్ మెట్ల మీద మోకాళ్ళు చెబుతాయి. తప్పనిసరివి: అడుగున లోతైన గాళ్ళున్న బూట్లు, మూడు జతల మేజోళ్ళు, పాంచో, తలకు కట్టుకునే టార్చి, అదనపు బ్యాటరీలు, 2 లీటర్ల నీళ్ళ సీసాలు, నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు, పవర్ బ్యాంకు, ఉన్ని టోపీ, ఒక స్వెటర్. స్వెటర్ కొండ కన్నా ముందు రాత్రి బస్సులోనే అక్కరకొస్తుంది. ఇక్కడి ఏసీ బస్సుల్లో చలి మామూలుగా ఉండదు. అముయావ్ ఎక్కేవాళ్ళు 5 డిగ్రీల చలికి ఆగే స్లీపింగ్ బ్యాగు, టెంటు కూడా తీసుకోవాలి. ఆ పైన నాచు అడవిలో జలగలుంటాయి. వాటిని అక్కడ లిమాటిక్ అంటారు. ఏ చిన్న కొట్లోనైనా దొరికే రబ్బింగ్ ఆల్కహాల్ కాస్త తాకిస్తే వదిలేస్తాయి. చేత్తో లాగితే గాయం మానడం ఆలస్యమవుతుంది.

మొదటి మెట్టు: గురువారం రాత్రి మనీలా, శుక్రవారం మధ్యాహ్నం బొంటోక్

రోజు ఏదైనా పర్వాలేదనుకోవద్దు. శుక్రవారం బొంటోక్ చేరితే శని, ఆదివారాల్లో మలిగ్‌కాంగ్‌కు వచ్చే ఇతర యాత్రికులతో గైడు ఖర్చు పంచుకోవచ్చు. బార్లిగ్‌లో పేరు నమోదు చేయించుకోవాల్సిన మున్సిపల్ ఆఫీసు శని, ఆదివారాల్లో తెరవరు కాబట్టి అక్కడికి సోమవారం చేరాలి. ఈ రెండూ కుదరాలంటే బయలుదేరాల్సింది గురువారం రాత్రే.

మనీలా నుంచి బొంటోక్ మీదుగా సగాడ వెళ్ళే కోడా లైన్స్ రాత్రి బస్సులున్నాయి. పక్క ప్రావిన్సులోని బనావే పట్నం దారిలో పది, పన్నెండు గంటలు పడుతుంది. దిగే శ్రమ ఒక్కసారే. కానీ ఒక వైపైనా బాగియో మీదుగా వెళ్ళడం మంచిది. బాగియో నుంచి బొంటోక్ దాకా సాగే హాల్సెమా హైవే చూడాలంటే పగలే రావాలి మరి. రాత్రి పదింటికి మనీలాలో బాగియో బస్సెక్కితే తెల్లవారుజామున దిగుతారు. బాగియో టాక్సీలు మీటరు మీదే నడుస్తాయి. బొంటోక్ బస్సులు మగ్‌సాయ్‌సాయ్ అవెన్యూ వైపు స్లాటర్‌హౌస్ టెర్మినల్ నుంచి పొద్దున్నే మొదలవుతాయి. టాక్సీ ఎక్కేటప్పుడే "బొంటోక్ బస్సు" అని చెబితే డ్రైవరు సరైన చోట దించుతాడు. ఆరింటి లోపు బస్సు దొరికితే మధ్యాహ్నానికి బొంటోక్‌లో ఉంటారు. తొమ్మిదింటి బస్సెక్కితే మలిగ్‌కాంగ్ జీప్నీ చేజారే ప్రమాదముంది.

అటోక్ దగ్గర హాల్సెమా 2,255 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. చాలా ఏళ్ళు ఆ దేశపు హైవేలన్నిట్లో అదే ఎత్తయిన చోటు. ఆరు గంటల పాటు మలుపులే. వాంతుల భయమున్నవాళ్ళు బోనమైన్ బిళ్ళ బస్సు కదలడానికి గంట ముందే వేసుకోవాలి. కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే బిళ్ళే బయటికొస్తుంది. మరుగుదొడ్డిని ఇక్కడ సీఆర్ అంటారు. "సీఆర్?" అంటే చాలు, చెయ్యి చూపిస్తారు. లోపల మగ్గూ నీళ్ళూ ఉంటాయి. దాని పేరు తాబో. ఆ విషయంలో మనవాళ్ళు ఇబ్బంది పడాల్సిన పనిలేదు.

రెండో మెట్టు: బొంటోక్‌లో మూడు గంటలు

దిగగానే చేయాల్సిన పని భోజనం కాదు. నేరుగా మార్కెట్ దగ్గర మలిగ్‌కాంగ్ జీప్నీలు ఆగే చోటికి వెళ్ళి ఆ రోజు ఆఖరి బండి ఎన్నింటికో అడగండి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం ఐదున్నర ప్రాంతం దాకా కొన్ని ట్రిప్పులుంటాయి. ఆదివారం తగ్గుతాయి. ఇలోకానో భాష ఈ కొండలన్నిట్లో నడుస్తుంది. "అడ్డా పాయ్ బియాహే?" అంటే ఇంకా ట్రిప్పుందా అని. "అవాన్" అని జవాబొస్తే లేదని. "మానో తి ప్లేతే?" అంటే చార్జీ ఎంత అని. వేళ తెలుసుకున్నాక సంచిని సీటులో పెట్టి డ్రైవరుకు చెప్పి వెళ్ళొచ్చు. జనం నిండితే చెప్పిన వేళకు ముందే కదిలిపోతుంది కాబట్టి అరగంట ముందే తిరిగి రావాలి.

మిగిలిన సమయంలో బొంటోక్ మ్యూజియం చూడండి. బెల్జియం నుంచి వచ్చిన సన్యాసిని మదర్ బాసిల్ ఏర్పాటు చేసిన సేకరణ అది. వెనుక ఆవరణలో పాతకాలపు బొంటోక్ ఇళ్ళ నమూనాలున్నాయి. రేపటి నుంచి నడవబోయే ఊళ్ళు అర్థం కావాలంటే ఆ గంట అవసరం. మధ్యాహ్న భోజన వేళ మూసేస్తారు. అరటిపళ్ళు, బ్రెడ్డు, వేరుశనగలు, బ్యాటరీలు ఇక్కడే కొనండి. మంచినీళ్ళ రీఫిల్లింగ్ దుకాణంలో సీసాలు నింపుకోండి.

మూడో మెట్టు: మలిగ్‌కాంగ్, రెండు రాత్రులు

అరగంటలో జీప్నీ ఊరి మొదటికి చేరుస్తుంది. బస హోమ్‌స్టేల్లోనే. పడక తలకింత అని లెక్క. రాత్రి భోజనం కావాలంటే వెళ్ళక ముందే ఫోనులో చెప్పాలి, ఎందుకంటే ఊళ్ళో హోటళ్ళు లేవనే అనుకోవాలి. ప్రపంచ వారసత్వ జాబితాలో 1995లో చేరిన ఐదు మెట్ల పొలాల సముదాయాలూ పక్కనున్న ఇఫుగావ్ ప్రావిన్సులోవే. మలిగ్‌కాంగ్ వాటిలో లేదు. అది దీని అదృష్టమనే చెప్పాలి.

కుపాపేయ్ కొండకు గైడును హోమ్‌స్టే వాళ్ళే కుదురుస్తారు. రుసుము మనిషికి కాదు, జట్టుకు. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర మిగతా అతిథులను "రేపు కుపాపేయ్‌కేనా?" అని అడిగితే సగం ఖర్చు అక్కడికక్కడే తగ్గుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. పైన్ చెట్ల మధ్య గంట నుంచి గంటన్నర ఎక్కుడు. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. జూన్‌లో ఐదున్నర లోపే కనుక ఆ రోజుల్లో మూడున్నరకే బయలుదేరాలి. ముందు రోజు సాయంత్రం చినుకులు పడి, రాత్రి ఆకాశం తేటపడితే కింద లోయలో మబ్బుల సముద్రం కనిపించే అవకాశం ఎక్కువ. తెల్లవారినా పైన కూడా మబ్బే ఉంటే వెంటనే దిగిపోకండి. ఎండ తగిలాక తెర జరగడానికి ఒక్కోసారి ఏడు దాటుతుంది.

దిగాక మడుల్లో నడక. ఇక్కడి గోడలు రాళ్ళతో పేర్చినవి, గట్టు మీద ఒక మనిషి నడిచేంత వెడల్పే. రాతి మీదే అడుగు వేయాలి. మట్టి మీద వేస్తే గట్టు జారి కింది మడిలోకి నీళ్ళు పోతాయి, ఆ నష్టం రైతుది. చేతికర్ర గట్టులో గుచ్చకండి. ఎదురుగా మోపుతో వచ్చేవాళ్ళకు మీరే పక్కకు జరగాలి. జారి పడేవాళ్ళలో ఎక్కువమంది పడేది ఫోనులో చూస్తూ నడిచినప్పుడే. ఫొటో కావాలంటే ఆగి తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది: పొలం పనులు ఆపే ఆచారపు సెలవులు ఉంటాయి. బొంటోక్ వైపు తెఎర్ అంటారు, సగాడ వైపు ఒబాయ. పెద్దలు ప్రకటించిన ఆ రోజుల్లో బయటివాళ్ళు పొలాల్లోకి, ఒక్కోసారి ఊళ్ళోకే రాకూడదు. రెల్లులాంటి రునో గడ్డి కొసను ముడివేసి దారి పక్కన పాతి ఉంటే దాన్ని పుడోంగ్ అంటారు. దాటి రావద్దని అర్థం. గైడు "ఈ రోజు వద్దు" అంటే బేరమాడకండి. ముందుగా ఫోను చేసి ఆ వారంలో తెఎర్ ఉందేమో అడగడం ఒక్కటే మార్గం.

నాలుగో మెట్టు: ఆదివారం కాలినడకన మాయినిత్

మలిగ్‌కాంగ్ నుంచి కొండవరస దాటి మాయినిత్ ఊరికి దిగే కాలిబాట ఉంది. పూట నడక. గైడు తప్పనిసరి, దారులు చాలాచోట్ల చీలతాయి. మాయినిత్ అంటేనే వేడి అని. ఊళ్ళోనే గంధకపు ఊటలు పొగలు కక్కుతుంటాయి. కొన్ని చోట్ల నీళ్ళు మరిగిపోతుంటాయి. స్నానానికి కట్టిన తొట్లలో తప్ప ఎక్కడా కాలు పెట్టకండి, వాటిలోనూ ముందు చేత్తో చూడండి. వెండి పట్టీలు, మొలతాడు, గొలుసులు ముందే తీసి దాచుకోండి. గంధకం తగిలితే నల్లబడతాయి. నడిచిన అలసటకు పది, పదిహేను నిమిషాల స్నానం చాలు. ఖాళీ కడుపుతో అరగంట కూర్చుంటే లేచేసరికి కళ్ళు తిరుగుతాయి.

రాత్రి అక్కడే పడుకుని సోమవారం పొద్దున్నే ఊరివాళ్ళతో పాటు జీప్నీలో బొంటోక్ దిగండి. అదే రోజు మధ్యాహ్నం బార్లిగ్ బండి అందుతుంది. పొద్దున కిందికి, మధ్యాహ్నం పైకి.

ఐదో మెట్టు: బార్లిగ్, అముయావ్, కంబులో, బటాడ్

అముయావ్ శిఖరమెక్కి బటాడ్ వైపు దిగే ఈ మూడు రోజుల నడక అందరికీ కాదు. అలవాటు లేనివాళ్ళు సోమవారం బొంటోక్ నుంచే బనావే వెళ్ళి, అక్కణ్ణుంచి బటాడ్ మెట్ల పొలాలు చూసి తిరిగిరావచ్చు.

ఎక్కేవాళ్ళు సాయంత్రం నాలుగింటిలోపు బార్లిగ్ మున్సిపల్ హాలుకు చేరి పేర్లు రాయించి గైడును కుదుర్చుకోవాలి. ఐదు దాటితే ఆఫీసు మూసేస్తారు, మర్నాటి పొద్దున పోతుంది. గైడు మూడు రోజుల కూలీతో పాటు రెండు సంగతులు ముందే మాట్లాడుకోండి: అతని భోజనం, బనావే నుంచి బార్లిగ్ తిరిగి రావడానికయ్యే చార్జీ. చాలామంది మరిచిపోయి చివర్లో మాట పడేది ఇక్కడే.

అముయావ్ ఎత్తు 2,702 మీటర్లు. బార్లిగ్ వైపు నుంచి ఎక్కడానికి నాలుగు నుంచి ఆరు గంటలు. చాలా భాగం సిమెంటు మెట్లే, అంతు లేనట్టు సాగుతాయి. మెట్లంటే తేలిక అనుకోవద్దు. అడుగు ఎత్తు మారకపోవడం వల్ల ఒకే కండరం అలసిపోతుంది. ప్రతి 40 నిమిషాలకు ఐదు నిమిషాలు కూర్చోండి. శిఖరం మీద ప్రసార కేంద్రం ఉంది. అక్కడ తలదాచుకోవచ్చని ఆశపడి టెంటు వదిలి రాకండి.

మర్నాడు దిగుడు పట్‌యాయ్ వైపు. ఎక్కడం కన్నా కష్టం ఇదే: నిటారు, వేర్లు, బురద. ఆరింటికే కదిలితే మధ్యాహ్నానికి పట్‌యాయ్, సాయంత్రానికి కంబులో. పట్‌యాయ్ చేరేసరికి రెండు దాటితే అక్కడే ఆగిపోండి. చీకట్లో మడిగట్ల మీద నడక వద్దు. మూడో రోజు కంబులో నుంచి బటాడ్ రెండు, మూడు గంటలు, ఎక్కువగా పొలాల అంచునే. ఇక్కడ చేసే పొరపాటు బటాడ్‌లో మధ్యాహ్నం దాకా కూర్చోవడం. బనావే వెళ్ళే జీప్నీ పొద్దునే వెళ్ళిపోతుంది. కంబులోలో తెల్లవారుజామునే బయలుదేరినా దాన్ని అందుకోవడం కష్టం కనుక, పదింటికల్లా బటాడ్ రోడ్డు మొదటికి చేరి తోటి యాత్రికులతో కలిసి ట్రైసికిల్ (పక్కన తొట్టి బిగించిన మోటారు సైకిలు) మాట్లాడుకోండి. మనీలా రాత్రి బస్సులు బనావేలో సాయంత్రం బయలుదేరతాయి. ఆ సీటు వారం ముందే కట్టించుకోవాలి.

తిండి, ముఖ్యంగా శాకాహారులకు

కూరగాయలకు కొదవ లేదు, మనీలా తినే క్యాబేజీ, క్యారెట్ ఈ కొండల నుంచే వెళ్తాయి. చిక్కంతా వండే తీరులో ఉంది. పెసల కూర ముంగోలో పంది ముక్కలు, కూరగాయల కూర పినక్‌బెట్‌లో రొయ్యల ముద్ద బగోంగ్, ఉత్త క్యాబేజీ వేపుడులోనూ చేప నీళ్ళు పటిస్ పడొచ్చు. "శాకాహారం" అంటే అర్థం కాకపోవచ్చు. "వలాంగ్ కార్నే, వలాంగ్ ఇస్దా, వలాంగ్ బగోంగ్, వలాంగ్ పటిస్" (మాంసం, చేప, బగోంగ్, పటిస్ లేకుండా) అని ఒక్కొక్కటీ చెప్పండి. అన్నం, గుడ్డట్టు, ఉడికించిన చిలగడదుంప ఎక్కడైనా దొరుకుతాయి. ఒక ఆవకాయ పొట్లం, పులిహోర పొడి ఉంటే వారం గడిచిపోతుంది. మాంసం తినేవాళ్ళు ఉప్పువేసి ఎండబెట్టిన పందిమాంసం ఎటాగ్ రుచి చూడొచ్చు, ఘాటెక్కువ. బియ్యం పులియబెట్టి చేసే మద్యం తాపుయ్ తియ్యగా ఉంటుంది, నాలుగింటికి లేవాల్సిన రాత్రి మాత్రం వద్దు.

లెక్క

నలుగురి జట్టులో ఒక్కరికి, ఉదారంగా వేసుకున్న అంచనా ఇది. బస్సులు, జీప్నీలు, ట్రైసికిల్ అన్నీ కలిపి 2,900 పెసోలు. ఆరు రాత్రుల బసకు 3,000. టెంటులో పడుకున్న రాత్రిది మిగులుతుంది. ఏడు రోజుల తిండికి 3,150. గైడ్ల వాటా 1,750. నమోదు, పర్యావరణ రుసుములకు 400. మొత్తం 11,200. దానిపై 2,500 విడిగా కవరులో పెట్టి ముట్టుకోకండి. రూపాయల్లో సుమారు 20,500. విమానం దీనికి అదనం. ఒంటరిగా వెళ్తే పెరిగేది గైడు, ట్రైసికిల్ పద్దులే. గైడు వాటా ఒక్కటే నాలుగింతలై 7,000 అవుతుంది. కాబట్టి ఒంటరివాళ్ళు అముయావ్ వదిలేసి మలిగ్‌కాంగ్‌లో ఇంకో రాత్రి ఉండి, ఎదురుగా ఉన్న ఫాతో కొండ ఎక్కడం తెలివైన పని.

తేడా వస్తే

కుక్క కరిస్తే, గోరు గీరినా సరే, వెంటనే 15 నిమిషాలు సబ్బుతో కడిగి అదే రోజు బొంటోక్ జనరల్ హాస్పిటల్‌కు వెళ్ళండి. ఈ దేశంలో రేబిస్ ఉంది. అత్యవసర నంబరు 911. ఎవరైనా గంజాయి అమ్మజూపితే ఆగకుండా నడిచిపోండి, ఇక్కడి చట్టంలో జీవితఖైదు దాకా శిక్షలున్నాయి.

వాతావరణ శాఖ పగాసా హెచ్చరికలను రోజూ సాయంత్రం చూడండి. ఆరెంజ్ వాన హెచ్చరిక వచ్చిందంటే మర్నాడు అముయావ్ లేదు, హాల్సెమా మీద ప్రయాణమూ లేదు. చరియలు విరిగేది ఎక్కువగా వాన కురిసేటప్పుడూ, తగ్గిన కొన్ని గంటల్లోనూ. బాగియో వైపు మూసుకుపోతే బనావే వైపు తెరిచి ఉందేమో బొంటోక్ బస్టాండులో అడగండి. మౌంట్ పోలిస్ కనుమ మీదుగా రెండు గంటల దారి అది. రెండూ మూసుకుంటే బొంటోక్‌లోనే ఆగాలి. అందుకే మనీలా విమానానికి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచుకోవాలి. 14 రోజుల గడువు పెంచరు కాబట్టి ఆ రెండు రోజులనూ మొదట్లో కాకుండా చివర్లోనే పెట్టుకోండి.